మన విద్యా తత్వం ఎక్కడ రాసి ఉంది?
తెలుగు క్రైస్తవ విద్యా చరిత్ర వెలుగులో ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

వేదాంత కళాశాలలో క్రైస్తవ విద్య అనే పాఠ్యాంశం చదివే విద్యార్థి ఏదో ఒక దశలో ‘నా విద్యా తత్వం’ అనే శీర్షికతో ఒక వ్యాసం రాయవలసి వస్తుంది. బి.డి. చదివే రోజుల్లో నేనూ రాశాను. ప్లేటోతో మొదలుపెట్టి, కొమీనియస్, పెస్టలాట్జీ, జాన్ డ్యూయీల మీదుగా వచ్చి పౌలో ఫ్రెయిరీ దగ్గర ఆగాను. బోధన అంటే సంభాషణ అనీ, బోధకుడూ విద్యార్థీ కలిసి నేర్చుకుంటారనీ తీర్మానించాను. మంచి మార్కులే వచ్చాయి. తర్వాత పరిచర్యలో ఆ కాగితాలను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. ఇది గొప్ప కోసం చెబుతున్న మాట కాదు. నేను రాసినదానికీ చేసినదానికీ మధ్య ఎంత దూరం ఉండేదో చెప్పడానికే ప్రస్తావిస్తున్నాను.

తిరువూరు ప్రాంతం నుండి వేదాంత విద్యకు వెళ్లిన యౌవనస్థులు సెలవులకు వచ్చినప్పుడు తమ వ్యాసాలు చూడమని నాకు ఇస్తుంటారు. వాటిలోనూ అవే పేర్లు, అదే వరుస, అదే తీర్మానం. రాసిన వ్యక్తి ఏ ఊరివాడో, అతనికి మొదట అక్షరం దిద్దించింది ఎవరో, తాను ఎవరికి బోధించబోతున్నాడో ఆ పేజీలలో కనబడదు. పేరు మార్చి మరొకరికి ఇచ్చినా సరిపోతుంది. ‘వ్యక్తిగత’ అని పిలుచుకునే తత్వంలో వ్యక్తి లేకపోవడమే ఈ వ్యాసానికి ప్రేరణ.

నా వాదన ఇది. బోధకుని అసలు విద్యా తత్వం ముందు అతని ఆచరణలో రాయబడుతుంది. ఎవరిని లోపలికి రానిచ్చాడు, తాను ఎక్కడ కూర్చున్నాడు, ఎవరి ప్రశ్నతో పాఠం మొదలుపెట్టాడు అన్న మూడు విషయాలలో దాన్ని చదవవచ్చు. కాగితం మీది తత్వాన్ని ఆ ఆచరణకు ఎదురుగా పెట్టి సరిచూసుకున్నప్పుడే దానికి విలువ. ఈ వాదనను మన తెలుగు సంఘ చరిత్రలోని రెండు ఉదాహరణలతోనూ, నా సొంత వైఫల్యంతోనూ పరిశీలిస్తాను.

1. బందరు బడి తలుపు

చర్చి మిషనరీ సొసైటీ తెలుగు దేశానికి పంపిన తొలి మిషనరీలు హెన్రీ ఫాక్సు, రాబర్ట్ నోబుల్. ఇద్దరూ 1841లో మచిలీపట్నం చేరారు. ఫాక్సు గ్రామాలలో సువార్త ప్రకటనకు పూనుకున్నాడు. నోబుల్ 1843లో ఇంగ్లీషు బడి తెరిచాడు. నేటి నోబుల్ కళాశాలకు మూలం అదే. 1865లో మచిలీపట్నంలోనే కన్నుమూసేవరకు, అంటే సుమారు ఇరవై నాలుగు సంవత్సరాలపాటు, ఆయన ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్లలేదు. 1852లో అగ్రవర్ణ విద్యార్థులు బాప్తిస్మం పొందినప్పుడు పట్టణమంతా అల్లకల్లోలమై, బడి దాదాపు ఖాళీ అయింది. అయినా నోబుల్ వెనుదీయలేదు. మంచాల రత్నం, ఐనాల భూషణం వంటి ఆయన శిష్యులు తరువాత తెలుగు సంఘంలో అభిషిక్త గురువులయ్యారు. ఆయన ప్రార్థనాపరత్వాన్నీ, త్యాగాన్నీ తక్కువ చేసి మాట్లాడే అర్హత నాకు లేదు.

అయితే ఆ బడికి ఒక తలుపు ఉంది. అంటరానివారిగా ఎంచబడిన కులాల పిల్లలకు అది తెరుచుకోలేదు. దీనిపై ఆయన కాలంలోనే మిషనరీల మధ్య విమర్శ వచ్చింది. నోబుల్ ఇచ్చిన సమాధానం ఆలోచన లేనిది కాదు. కుల విసర్జన సువార్త ఫలితంగా రావాలి గాని, సువార్త వినడానికి వచ్చే అన్యునికి దాన్ని ముందు షరతుగా పెట్టలేమని ఆయన అభిప్రాయం. ఇంగ్లండులో భక్తిగల తల్లిదండ్రులు సైతం తమ పిల్లలను పనివారి సరసన కూర్చోబెట్టి చదివించరు గదా అని కూడా ఆయన వాదించాడు.

ఈ రెండు మాటలను విడదీసి చూడాలి. మొదటిది వ్యూహం. పై కులాలు మారితే క్రింది కులాలకు మేలు ప్రవహిస్తుందన్న నమ్మిక దాని వెనుక ఉంది. రెండవది వ్యూహం కాదు, అలవాటు. తన దేశపు తరగతి భేదాన్ని సహజమైనదిగా ఎంచినవాడు ఇక్కడి కుల భేదాన్నీ సహజంగానే చూశాడు. నోబుల్‌ను తన విద్యా తత్వం రాయమని అడిగి ఉంటే, క్రీస్తు నందలి విమోచన గురించి నిష్కపటంగానే రాసి ఉండేవాడని నేను నమ్ముతాను. ఆ రచనలో తలుపు సంగతి ఉండేది కాదేమో! ఆ తలుపు ఆయనకు తత్వంగా కనబడలేదు, లోకరీతిగా కనబడింది.

చరిత్ర దీనికి జవాబు మరో దిక్కునుండి చెప్పింది. పాత కృష్ణా జిల్లా రాఘవాపురంలో మాల పెద్ద పగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం పొందాడు. అదే మిషను, అదే సంఘ చరిత్ర. కాని ఆయన బందరు బడి ద్వారా రాలేదు. విగ్రహాలను విడిచి, తనకు తెలియని దేవుణ్ణి వెదుకుతూ తానే మిషనరీ డార్లింగు దగ్గరకు వెళ్లాడు. కృష్ణా ప్రాంతంలో సంఘం విస్తరించింది ఎక్కువగా ఆ దారినే. మేలు పైనుండి క్రిందికి ప్రవహిస్తుందన్న వ్యూహం తలకిందులైంది.

ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషను తొలినాళ్లలో జాన్ క్లౌకూ ఇదే ప్రశ్న ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని పై కులాలవారు చెప్పారు. క్లౌ దంపతులు 1 కొరింథీ 1:26-29 ముందు నిలబడి, మాదిగలను చేర్చుకున్నారు. క్లౌ నోబుల్ కంటె గొప్ప విద్యావేత్త అని కాదు. ఇద్దరూ ఒకే వాక్యాన్ని నమ్మినవారు. వారి తత్వాలు వేరు పడిన చోటు గడప.

ఇది గతించిన కథ అని తీసివేయవద్దు. 2010 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రైవేటు పాఠశాలలు ప్రవేశ తరగతిలో నాలుగవ వంతు సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలని చెప్పింది. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014 మే నెలలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పునిచ్చింది. 2025 సెప్టెంబరులో మరో ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వెలిబుచ్చి, విస్తృత ధర్మాసనం పరిశీలనకు నివేదించింది. మైనారిటీ హక్కు మనకు అవసరమే, దాన్ని కాపాడుకోవాలి. కాని ఫీజు తీసుకుని ఇంగ్లీషు మీడియం బడులు నడిపే మనం ఒక ప్రశ్నను తప్పించుకోలేము. చట్టం అడగకపోయినా సువార్త అడుగుతుంది గదా? నోబుల్ బడి తలుపు కులం. మన బడి తలుపు ఫీజు రసీదు అయితే, ఆయనను విమర్శించే నోరు మనకెక్కడిది?

2. దోర్నకల్ పాఠం

రెండవ ఉదాహరణ వి. ఎస్. అజరయ్య. తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన తమిళుడు. 1909లో దోర్నకల్‌కు మిషనరీగా వచ్చి, 1912 డిసెంబరులో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడై, 1945 జనవరి 1న మరణించేవరకు అక్కడే సేవచేశాడు. ఆయన విద్యా తత్వాన్ని పరిశీలించేవారు మొదట గమనించవలసిన సంగతి: తెలుగు ఆయన మాతృభాష కాదు. బోధించడానికి ముందు ఆయన దానిని నేర్చుకున్నాడు. తమిళ దేశపు క్రైస్తవుడు తెలంగాణ పల్లె మాటకు శిష్యుడయ్యాడు.

రెండవది, దోర్నకల్‌లో పల్లె ఉపాధ్యాయుని తర్ఫీదు అతని ఒక్కనికే పరిమితం కాలేదు. భార్య కూడా చదువుకోవాలని అజరయ్య ఉద్దేశం. పల్లెలో క్రైస్తవ గృహమే మొదటి బడి అని ఆయన గ్రహించాడు. నేటి మన కళాశాలల్లో కాపరి కాబోయే యువకుడు మూడు నాలుగేళ్లు చదువుతుండగా, అతనితో కలిసి పరిచర్య మోయవలసిన భార్యకు ఏమి నేర్పుతున్నామో ప్రశ్నించుకుంటే, ఆ పాత తర్ఫీదు మనకంటె ముందున్నట్టే కనబడుతుంది.

మూడవది చేతిపని. వ్యవసాయం, వృత్తిపనులు దోర్నకల్ చదువులో భాగం. చదువుకున్నవాడు పల్లెకు పరాయివాడు కాకూడదన్నది ఉద్దేశం. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీం కూడా చేతిపనినే విద్యకు కేంద్రం చేసింది. మతమార్పిడి విషయంలో వీరిద్దరికీ ఎంత విభేదమున్నా, ఇక్కడ దగ్గరగా వచ్చారు.

ఇక్కడే ఒక విమర్శ అవసరం. చేతిపనికి గౌరవం నేర్పడం ఎవరికి? తరతరాలుగా నాగలి పట్టని చేతికి ఆ పాఠం విమోచనే. కాని పుట్టుకతోనే తోలుపని, పాలేరుతనం మెడకు చుట్టబడిన ఇంటి బిడ్డకు బడిలోనూ చేతిపనే ఎదురైతే, అతడు ఏమనుకుంటాడు? అంబేద్కర్ 1936లో వెలువరించిన ‘కుల నిర్మూలన’లో పుట్టుకను బట్టి వృత్తిని అంటగట్టే పద్ధతిని తీవ్రంగా ఖండించాడు. ఆ వెలుగులో చూస్తే, పల్లె కోసమే పల్లె బిడ్డను తయారుచేసే విద్య ఎంత ప్రేమతో చేసినా, అతని ఆశకు ఒక పైకప్పు వేసే ప్రమాదముంది. మా మాదిగపల్లె తల్లులు అప్పుచేసి అయినా పిల్లలను ఇంగ్లీషు మీడియంలో వేస్తుంటే, మనం వేదిక మీద మాతృభాషా విద్య గురించి ఉపన్యసిస్తాం. మన పిల్లలు మాత్రం అదే ఇంగ్లీషు బడికి వెళతారు. ఆ తల్లులకు మన తత్వం ఎలా వినబడుతుందో ఊహించుకోవచ్చు.

అజరయ్యకు న్యాయం చేయాలంటే ఈ మాటా చెప్పాలి. అక్షరమే నిషేధించబడిన పల్లెలో ఆయన పలకా బలపం పెట్టించాడు. ఆ పైకప్పు కంటె ముందు నేల కావలసి వచ్చింది. నేల వేసినవాని మీద నిలబడే మనం ఇప్పుడు పైకప్పు గురించి మాట్లాడుతున్నాం.

3. కంఠస్థం, ‘బ్యాంకు పద్ధతి’

విద్యార్థుల వ్యాసాలలో తప్పక కనబడే పేరు పౌలో ఫ్రెయిరీ. ఆయన ‘పెడగాజీ ఆఫ్ ది అప్రెస్డ్’ 1970లో ఇంగ్లీషులో వెలువడింది. బోధకుడు సమాచారాన్ని జమచేస్తుంటే విద్యార్థి ఖాళీ ఖాతాలా దాన్ని భద్రపరచుకోవడాన్ని ఆయన బ్యాంకు పద్ధతి అన్నాడు. మనవారు ఈ మాటను పట్టుకుని, సండేస్కూలులో వాక్యాలు కంఠస్థం చేయించడమంతా బ్యాంకు పద్ధతేనని తేల్చేస్తారు.

ఈ తీర్పు తొందరపాటుది. అక్షరం రాని మన తాతమ్మలకు కంఠస్థమే గ్రంథాలయం. పురుషోత్తమ చౌదరి మొదలైన భక్తులు రచించిన కీర్తనలు చదవడం రానివారి నోట పొలాలలో, నాట్లలో, చావు ఇళ్లలో నిలిచాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చేతిలో లేకుండానే ఎన్నో కీర్తనలు చివరి చరణం వరకు పాడగలిగిన వృద్ధులను నేను ఎరుగుదును. వారి మనస్సు ఖాళీ ఖాతా కాదు. తమకు కావలసినప్పుడు, కావలసినచోట, తమ దుఃఖానికి తగిన చరణాన్ని వారే ఎన్నుకున్నారు.

కాబట్టి సమస్య కంఠస్థంలో లేదు. కంఠస్థం చేసినవాడు ప్రశ్న అడిగినప్పుడు బోధకుడు ఏమి చేస్తాడన్నదే పరీక్ష. ఆ పరీక్షలో నేను తప్పాను.

4. నా వైఫల్యం

పరిచర్య తొలి సంవత్సరాలలో తిరువూరు సమీపంలోని ఒక పల్లెలో బాప్తిస్మపు తరగతి నడిపాను. మిరప కోతలకు వెళ్లే ఒక సహోదరి చీకటి పడ్డాక, కాళ్లు కడుక్కుని, నేరుగా తరగతికి వచ్చేది. ప్రభువు ప్రార్థన నేర్పుతున్నాను. అనుదినాహారం గురించిన మనవి దగ్గర ఆమె ఆగింది.

“అయ్యగారూ, మాకు ముఠా మేస్త్రి కూలి వారానికోసారి ఇస్తాడు. ఒక్కోసారి అదీ ఇవ్వడు. ఏ రోజు తిండి ఆ రోజు ఇమ్మని నేనెట్టా అడిగేది?”

“ముందు తప్పు లేకుండా అప్పచెప్పడం నేర్చుకోమ్మా. అర్థం తర్వాత చెబుతాను” అన్నాను.

తరగతిలో ఒకరిద్దరు నవ్వారు. నేను వారిని వారించలేదు. ఆమె ఆ తర్వాత రెండు రాత్రులు వచ్చింది, మూడవ రాత్రి రాలేదు. ఆ మనవి దగ్గర తడబడుతున్నదనే కారణంతో ఆమె పేరును ఆ విడత బాప్తిస్మాల జాబితాలో నేను చేర్చలేదు. ఆమె ఇక మా ఆరాధనకు రావడం మానేసింది.

ఆమె అడిగినది ఏమిటో నాకు చాలాకాలం తర్వాత, ద్వితీయోపదేశకాండము 24:14-15 మీద ప్రసంగం సిద్ధపడుతున్నప్పుడు తెలిసింది. కూలివాని కూలి ఆ దినమే, సూర్యుడు అస్తమించకముందే ఇవ్వాలని అక్కడ ఆజ్ఞ. లేవీయకాండము 19:13 ఇదే చెబుతుంది. యాకోబు 5:4లో బిగపట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుంది. అనుదినాహారం అడగమన్న ప్రభువు అనుదినం కూలి ఇవ్వమన్న ధర్మశాస్త్రాన్ని ఎరిగినవాడు. ఆ సహోదరి ప్రార్థనను ఆర్థిక న్యాయంతో కలిపి చదివింది. బి.డి. పట్టా ఉన్న నేను వాటిని విడదీసి చదివాను. వ్యాఖ్యాన గ్రంథాలు చూపని సంబంధాన్ని మిరప కోత చూపింది. నేను దాన్ని తడబాటుగా లెక్కపెట్టాను.

తర్వాత ఒకసారి ఆమె ఇంటికి వెళ్లాను. మంచినీళ్లిచ్చింది. “బాగానే ఉన్నాం అయ్యగారూ” అంది. నేను క్షమించమని అడిగాను. ఆమె తలవంచుకుని, పిల్లల చదువు సంగతి చెప్పింది. అంతకుమించి మా మధ్య మాటలు సాగలేదు. ఆమె ఇప్పటికీ వేరొక ప్రార్థన మందిరానికి వెళుతున్నది.

ఆ రోజు నా విద్యా తత్వం ఏమిటి? కళాశాలలో రాసిన వ్యాసం ప్రకారం, సంభాషణ. తరగతిలో జరిగిన దాని ప్రకారం, అప్పచెప్పడం. రెండవదే నిజమైనది.

5. వాక్య పరిశీలన

విద్యను గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా ద్వితీ. 6:4-9 తీసుకుంటాం. అది సరియైనదే. దానితోపాటు మూడు భాగాలు చూడాలి.

మొదటిది లూకా 2:46. దేవాలయంలో పన్నెండేండ్ల యేసు బోధకుల మధ్య కూర్చున్నాడు. లూకా మొదట చెప్పిన క్రియ ఆలకించడం, రెండవది ప్రశ్నించడం. ఆయన ప్రత్యుత్తరాల మాట తర్వాతి వచనంలో గాని రాదు. దేవుని కుమారుడు మన మధ్య నేర్చుకునేవాడుగా కనబడ్డాడు. విద్యార్థి ప్రశ్నను అవిధేయతగా చూసే కాపరి ఈ దృశ్యం ముందు నిలువలేడు.

రెండవది యెషయా 50:4. సేవకునికి ఇయ్యబడినది శిష్యుని నాలుక. అలసినవానిని మాటతో ఆదరించగల శక్తి అతనికి ఎక్కడినుండి వచ్చింది? ప్రతి ఉదయం మేల్కొల్పబడే చెవి నుండి. చెవి లేని నాలుక బోధకునిది కాజాలదు. అలసినవారు ఎవరో ఆ రాత్రి నా ఎదురుగానే కూర్చున్నారు.

మూడవది అపొ.కా. 8:26-40. ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో యెషయా గ్రంథం చదువుతున్నాడు. ద్వితీ. 23:1 ప్రకారం అతనికి సమాజంలో ప్రవేశం లేదు. అంటే అతడూ తలుపు బయటివాడే. ఫిలిప్పు అతన్ని దిగి రమ్మనలేదు. అతడు పిలిస్తే తాను రథమెక్కి అతని ప్రక్కన కూర్చున్నాడు. అతడు అడిగిన ప్రశ్ననుండే, అతడు చదువుతున్న లేఖనం నుండే బోధ మొదలుపెట్టాడు. నీళ్లు కనబడినప్పుడు ఆటంకమేమని అడిగింది కూడా విద్యార్థే. ఆటంకాల జాబితా ఫిలిప్పు తయారుచేయలేదు. తలుపు, కూర్చునే చోటు, మొదటి ప్రశ్న అనే మూడూ ఈ ఒక్క భాగంలో ఉన్నాయి.

6. తత్వం రాసుకునే విధానం

పై పరిశీలన నుండి వేదాంత విద్యార్థులకూ సహకాపరులకూ ఒక విధానం సూచిస్తున్నాను. తత్వవేత్తల పేర్లతో కాక, ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులతో మొదలుపెట్టండి.

ఒకటి: గత సంవత్సరం నా తరగతికి రానివారు, వచ్చి మానినవారు ఎవరు? కారణం వారిలో వెదకకముందు నాలో వెదికానా?

రెండు: నేను ఎక్కడ కూర్చుంటున్నాను? కుర్చీ గురించే కాదు, భాష గురించి కూడా. నా మాట మిరప చేలో పనిచేసేవారికి తెలుస్తున్నదా?

మూడు: గత పది పాఠాలలో ఎన్ని వారి ప్రశ్నతో మొదలయ్యాయి?

నాలుగు: వారి వలన నేను వాక్యంలో కొత్తగా నేర్చుకున్నది ఏమిటి? ఒక్కటీ లేకపోతే నేను బోధిస్తున్నానేమో గాని నేర్చుకోవడం మానేశాను.

ఈ జవాబులు రాసిన తర్వాత కొమీనియస్‌నూ ఫ్రెయిరీనీ చదవండి. అప్పుడు వారు మీ ప్రశ్నలతో మాట్లాడతారు. వారి పుస్తకాలు అనవసరమని నేను అనడం లేదు. ఫ్రెయిరీ కూడా బ్రెజిల్‌లో అక్షరం రాని కూలీల మధ్య నేర్చుకున్నదే రాశాడు. ఆయన తీర్మానాన్ని నకలు చేయడం కంటె, ఆయన చేసిన పనిని మన పల్లెలో చేయడం ఆయనకు ఇచ్చే ఎక్కువ గౌరవం. మరొక మాట. ఈ వ్యాసాన్ని చదువు ముగిసేముందు ఒకసారి రాసి వదిలివేయక, పరిచర్యలో ప్రతి సంవత్సరం తిరిగి రాయాలి. పాతదాన్ని చించివేయకూడదు. రెంటినీ ప్రక్కప్రక్కన పెడితేనే ఎక్కడ మారామో, ఎక్కడ మొండికేశామో తెలుస్తుంది.

ముగింపు

నోబుల్ త్యాగాన్ని గౌరవిస్తూనే ఆయన తలుపును విమర్శించాను. అజరయ్య దర్శనాన్ని అంగీకరిస్తూనే దాని హద్దును ప్రశ్నించాను. వారిద్దరికంటె నా ఆచరణను కఠినంగా చూడవలసి వచ్చింది, ఎందుకంటే దానికి జవాబుదారిని నేనే. రేపటి తరం మన బడులనూ తరగతులనూ ఇదే విధంగా పరీక్షిస్తుంది. మనం లోకరీతి అనుకుని గమనించని తలుపులు వారికి స్పష్టంగా కనబడతాయి.

ఇప్పుడు మా బాప్తిస్మపు తరగతిలో ప్రభువు ప్రార్థన నేర్పేటప్పుడు, అనుదినాహారపు మనవి దగ్గర ఒక రాత్రంతా ఆగుతాం. ఎవరి కూలి ఎప్పుడు వస్తుంది, ఎవరిది ఆగిపోయింది అని అడిగి తెలుసుకుంటాం. తర్వాత ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చదువుతాం. అప్పచెప్పడం ఆ తర్వాతి రాత్రికి. కూలి ఇవ్వవలసినవారు కొందరు మన సంఘాలలోనే ముందు వరుసలో కూర్చుంటారు గనుక, ఈ పాఠం బోధించడం అంత తేలిక కాదు. ఒక సంవత్సరం ఒక పెద్ద ఈ పాఠం విని నొచ్చుకుని, కొంతకాలం నాతో మాట్లాడలేదు. అయినా పాఠాన్ని మార్చలేదు. దీన్ని నాకు నేర్పిన సహోదరి ఈ తరగతిలో లేదు గాని, ఈ పాఠం ఆమెది.